మొదటి పంట

న్యూయార్క్ అనగానే మనవారికి ఆకాశహర్మ్యాలే స్ఫురిస్తాయి. ఆ మహానగరానికి వాయవ్యంగా కారులో అయిదు గంటలు ప్రయాణిస్తే, అదే పేరు గల రాష్ట్రంలోనే, ద్రాక్షతోటలూ మొక్కజొన్న చేలూ పశువుల కొట్టాలూ తప్ప మరేమీ కనిపించని పల్లెసీమ ఒకటి ఎదురవుతుంది. పేరు యేట్స్ కౌంటీ. మన పాత తాలూకా అంత ఉంటుందనుకోవచ్చు. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనం పాతిక వేలకు కాస్త తక్కువ. నేనుండే రోచెస్టర్ నుంచి గంటంబావు దూరం గనుక ఏటా రెండు మూడు సార్లయినా అటు వెళ్ళి వస్తుంటాను. సరస్సులు చూడాలని మొదలైన ఈ రాకపోకలు క్రమంగా ఆ నేల చరిత్ర చదవడంలోకి దింపాయి.

ఈ రాష్ట్రంలో రహదారుల పక్కన నీలిరంగు మీద పసుపు అక్షరాలతో ఇనుప పలకలు నాటి ఉంటాయి. చారిత్రక స్థలాలను ఇలా గుర్తించే పద్ధతి 1926లో మొదలయింది. వాటి ముందు ఆగి చదవడం నాకొక అలవాటు. చదవగా చదవగా గమనించినదేమిటంటే, వాటిలో అన్నిటికన్నా ఎక్కువగా కనబడే మాట 'మొదటి' అన్నది. మొదటి ఇల్లు, మొదటి మర, మొదటి బడి, మొదటి చర్చి. పాత స్థానిక చరిత్ర గ్రంథాలదీ అదే ధోరణి. 1873లో స్టాఫర్డ్ క్లీవ్‌లాండ్ అనే ఆయన ఈ కౌంటీకి ఒక బృహత్ చరిత్ర రాశాడు. ఏ కుటుంబం ఎప్పుడు వచ్చింది, ఏ చెట్లు కొట్టింది, ఎవరికి ఎవరు పుట్టారు అన్న వివరాలను అపార శ్రద్ధతో సేకరించిన పుస్తకం అది. ఆ శ్రద్ధ పట్ల నాకు గౌరవమే. కానీ 'మొదటి' అన్న చిన్న మాట ఎన్ని సంగతులను తన వెనుక దాచుకోగలదో ఈ కౌంటీ కథే నాకు నేర్పింది. ఆ కథ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు నేల సంగతి. వేల ఏళ్ళ క్రితం ఉత్తరం నుంచి కదిలివచ్చిన మంచు పలకలు పాత నదీలోయలను గోకి, లోతుచేసి, కరిగిపోతూ పదకొండు సన్నని పొడవాటి సరస్సులను మిగిల్చి వెళ్ళాయి. చాపిన చేతివేళ్ళలా ఉంటాయి కనుక వాటిని ఫింగర్ లేక్స్ అంటారు. యేట్స్ కౌంటీకి తూర్పుటంచు సెనెకా సరస్సు. పొడవు 38 మైళ్ళు, లోతు 600 అడుగుల పైచిలుకు. పడమట ఒక పక్క కానన్‌డేగ్వా సరస్సు తాకుతుంది. నడుమ క్యూకా సరస్సు ఇంగ్లీషు వై అక్షరంలా రెండు పాయలుగా చీలి ఉంటుంది. క్యూకా నీరు ఏడెనిమిది మైళ్ళ వాగుగా పారి, సుమారు 270 అడుగులు కిందికి దిగి సెనెకాలో కలుస్తుంది. ఆ దిగుడే తరువాతి కాలంలో మరలు తిప్పింది, ఊళ్ళు కట్టించింది.

ఇంత లోతైన నీరు త్వరగా వేడెక్కదు, త్వరగా చల్లబడదు. శరదృతువులో, వేసవి వేడిని మెల్లగా విడిచిపెడుతూ గట్టు వాలుల మీద తొలి మంచు పడడాన్ని వాయిదా వేస్తుంది. వసంతంలో చల్లదనాన్ని పట్టి ఉంచి మొగ్గలు తొందరపడి విచ్చుకోకుండా, ఆపైన వచ్చే మంచుకు మాడిపోకుండా కాపాడుతుంది. గట్టుకు నాలుగు మైళ్ళ అవతల బతకని తీగ గట్టు మీద బతుకుతుంది. అందుకనే ఈ సరస్సుల ఒడ్డున ఎప్పుడు ఎవరు కాపురమున్నా వ్యవసాయమే చేశారు.

ఆ 'ఎవరు'లో మనకు పేరు తెలిసినవారు సెనెకాలు. ఇరోక్వా అని ఇతరులు పిలిచే, హోడినోషోనీ అని తమను తాము పిలుచుకునే సమాఖ్యలో పడమటి ద్వారపాలకులు వారు. తమ భాషలో వారి పేరుకు 'పెద్ద కొండ జనం' అని అర్థం. ఆ కొండ కానన్‌డేగ్వా సరస్సు తూర్పు గట్టున, ఈ కౌంటీలోనే ఉన్న బేర్ హిల్ అని చాలామంది చెబుతారు. దానికొక కథ ఉంది. ఒక పిల్లవాడు చిన్న పామును తెచ్చి పెంచాడట. అది పెరిగి పెరిగి కొండ మీది ఊరినంతా చుట్టివేసి, తప్పించుకోబోయిన వారినల్లా మింగిందట. చివరికి మిగిలిన ఒక పిల్లవాడూ పిల్లా మంత్రించిన బాణంతో దానిని కొట్టగా, అది చెట్లను పెరుక్కుంటూ కొండ మీంచి సరస్సులోకి దొర్లుతూ మింగిన తలలను కక్కిందట. గట్టున దొరికే గుండ్రని రాళ్ళు ఆ తలలేనని చెబుతారు. ఊరు పుట్టుకకు ఇంతటి భయానకమైన కథను కట్టుకున్న వారికి నిర్మూలనమంటే ఏమిటో ఎప్పటినుంచో తెలుసునేమో.

వారి సేద్యం ఆడవారి చేతుల్లో ఉండేది. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి మూడింటినీ ఒకే గుట్టలో కలిపి నాటేవారు. మొక్కజొన్న కాండం చిక్కుడు తీగకు ఊత. చిక్కుడు నేలకు సారం. గుమ్మడాకు నేలనంతా కప్పి కలుపును అణచి తేమను నిలుపుతుంది. ఈ మూడింటినీ అక్కచెల్లెళ్ళంటారు. యూరోపియన్ల నుంచి పీచ్, ఆపిల్ విత్తనాలు అందుకుని తోటలు కూడా పెంచారు. అంటే 18వ శతాబ్ది నాటికి ఈ గట్లు అడవి కావు, పొలాలూ తోటలూ ఊళ్ళూ.

1779లో వాటి మీదికి సైన్యం వచ్చింది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో సెనెకాలు అత్యధికులు బ్రిటిషువారి పక్షం వహించారు. 1778లో వ్యోమింగ్, చెర్రీ వ్యాలీ ప్రాంతాల మీద జరిగిన దాడుల్లో వారికి పాత్ర ఉంది. ఇది మరుగుపరచవలసిన సంగతి కాదు. దానికి బదులుగా జార్జి వాషింగ్టన్ పంపిన జనరల్ సలివాన్ నాలుగు వేల పైచిలుకు సైనికులతో సెనెకా సరస్సు తూర్పు గట్టు వెంబడి ఉత్తరానికి నడిచాడు. ఆజ్ఞ కేవలం యుద్ధానికి సంబంధించినది కాదు. ఊళ్ళను నాశనం చెయ్యాలి, చేతికొచ్చిన పంటను ధ్వంసం చెయ్యాలి, తిరిగి నాటుకోకుండా చెయ్యాలి. సెప్టెంబరు నెల, కంకులు పాలుపోసుకుని ముదురుతున్న కాలం. సుమారు నలభై ఊళ్ళు తగలబెట్టామనీ, 1,60,000 బుషెళ్ళ మొక్కజొన్న నాశనం చేశామనీ సలివాన్ నివేదించాడు. పడమటి గట్టున ఉన్న కషాంగ్ అనే ఊరికి ఒక దళాన్ని ప్రత్యేకంగా పంపారు. పండ్ల చెట్లను మొదలంటా నరికారు. తిండిలేని జనం నయాగరా కోట చుట్టూ చేరి, ఆ ఏటి ఘోరమైన శీతాకాలంలో ఆకలికీ చలికీ రాలిపోయారు. సెనెకా భాషలో వాషింగ్టన్‌కు 'ఊళ్ళను రూపుమాపేవాడు' అన్న అర్థమిచ్చే పేరు నిలిచిపోయింది. 1790లో కార్న్‌ప్లాంటర్ అనే సెనెకా నాయకుడు ఆ పేరు సంగతి వాషింగ్టన్‌కే తెలియజేశాడు.

ఇక్కడొక విచిత్రం. ఆ సైనికుల్లో చాలామంది దినచర్యలు రాసుకున్నారు. నరుకుతూనే ఆ చేల ఏపుకు ఆశ్చర్యపోయారు. కంకి పొడవు కొలిచి రాసుకున్నవారూ ఉన్నారు. యుద్ధం ముగిశాక ఆ మాటలు న్యూ ఇంగ్లండ్ రాళ్ళ నేలల్లో వేగుతున్న రైతుల చెవిన పడ్డాయి. దండుగా వచ్చినవారిలో కొందరు కాపురానికి తిరిగివచ్చారు. మంచి నేల అన్న ప్రచారానికి ఆధారం ఆ నేల మీద అంతకుముందు పండిన పంటే.

ఇక కాగితాల సంగతి. నేల మీద మనుషులను పారద్రోలిన తరువాత, ఆ నేల ఎవరిదన్న వివాదం మసాచుసెట్స్, న్యూయార్క్ రాష్ట్రాల మధ్య తలెత్తింది. 1786లో రాజీ కుదిరింది. పరిపాలనాధికారం న్యూయార్క్‌ది. సెనెకాల నుంచి కొనుక్కునే ప్రథమ హక్కు మసాచుసెట్స్‌ది. ఆ హక్కును అరవై లక్షల ఎకరాల మేరకు 1788లో ఫెల్ప్స్, గోరమ్ అనే ఇద్దరు వ్యాపారులు కొన్నారు. అదే ఏడు జూలైలో బఫెలో క్రీక్ వద్ద సెనెకాలతో బేరమాడి 26 లక్షల ఎకరాలు రాయించుకున్నారు. ధర 5,000 డాలర్లు, దాని మీద ఏటా 500 డాలర్లు. తొలి మొత్తాన్నే లెక్కగడితే డాలరుకు 520 ఎకరాలు. మాకు చెప్పింది 10,000, ఏటా 1,000 అని సెనెకాలు తరువాత మొరపెట్టుకున్నారు. దీనికి ముందే మరో కంపెనీ, భూమి కొనుగోలును నిషేధించే చట్టాన్ని తప్పించుకోవడానికి, కొనకుండా 999 ఏళ్ళకు కౌలు రాయించుకున్నది. అది చెల్లదని న్యూయార్క్ శాసనసభ కొట్టివేసింది. మన భూకబ్జా పద్ధతులన్నీ మనమే కనిపెట్టామనుకోవడం పొరపాటు.

రెండు రాష్ట్రాల హక్కులనూ వేరుచేస్తూ పెన్సిల్వేనియా సరిహద్దు నుంచి ఆంటేరియో సరస్సు దాకా తిన్నగా ఉత్తరానికి ఒక గీత గియ్యాలి. దాని పేరు ప్రీఎంప్షన్ లైన్. 1788లో కొలిచినప్పుడు ఆ గీత తిన్నగా సాగక పడమటికి జరిగింది. 1792లో మళ్ళీ కొలిచి సరిచేశారు. పాత గీతకూ కొత్త గీతకూ మధ్య సన్నని ముక్కోణపు మేర మిగిలింది. దానిని 'గోర్' అన్నారు. మన పల్లెల్లో గట్టు జరిపితే తలలు పగులుతాయి. ఇక్కడ గట్టు జరిగింది మైళ్ళ మేర.

ఆ ముక్కోణంలోనే ఈ కౌంటీ 'మొదటి' ఊరు వెలిసింది. దానిని నిర్మించినవారి కథ అమెరికన్ చరిత్రలోని విలక్షణమైన కథల్లో ఒకటి.

1752లో రోడ్ ఐలండ్‌లో ఒక క్వేకర్ కుటుంబంలో జెమైమా విల్కిన్సన్ అనే స్త్రీ జన్మించింది. 1776 అక్టోబరులో తీవ్రమైన జ్వరం వచ్చింది. కోలుకుని లేచాక, ఆ పేరు గల వ్యక్తి మరణించిందనీ, ఈ దేహంలో ఇప్పుడున్నది స్త్రీయో పురుషుడో కాని దైవదూత అనీ ప్రకటించారు. పబ్లిక్ యూనివర్సల్ ఫ్రెండ్ అన్నది కొత్త పేరు. ఇంగ్లీషులో ఆడ మగ సర్వనామాలు రెండింటినీ తోసిపుచ్చారు. ఈ చిక్కు ఆనాటి రచయితలను ఎంతగా ఇబ్బంది పెట్టిందో చదువుతుంటే నాకు మన భాష గుర్తుకొచ్చింది. తెలుగులో 'వారు' అంటే చాలును, గౌరవమూ దక్కుతుంది. స్నేహితుడన్న అర్థంలో సంస్కృతంలోని మిత్ర శబ్దం కూడా నపుంసకలింగమే. కనుక ఇకపై వారిని మిత్రులవారనే అంటాను.

మిత్రులవారు యుద్ధాన్నీ బానిసత్వాన్నీ నిరసించారు. స్త్రీలు మగవారి మాట కన్నా దేవుని మాటనే అనుసరించాలని బోధించారు. లోకానికి దూరంగా ఊరు కట్టుకుని బతకాలని తలచారు. 1788లో పాతికమంది అనుచరులు ముందుగా వచ్చి, క్యూకా వాగు సెనెకాలో కలిసే చోటికి దగ్గరలో చెట్లు కొట్టి గోధుమ చల్లారు. 1789లో కోతలు కోశారు. 1790లో వాగు మీద పిండి మర నిలిపారు. మిత్రులవారు స్వయంగా ఆ ఏడాదే వచ్చారు. అప్పటి జనాభా లెక్కల్లో సుమారు 260 మందితో, రాష్ట్రపు పడమటి భాగంలోకెల్లా పెద్ద శ్వేతజాతి జనావాసం అదే. పశ్చిమ న్యూయార్క్‌లో మొదటి గోధుమ, మొదటి పిండి మర అని చరిత్రకారులు రాసేది ఈ ఊరి గురించే.

1779 సెప్టెంబరులో పంట తగలబడింది. 1789లో 'మొదటి' పంట కోశారు. నడుమ గడచినవి పదేళ్ళు. నేను ఆగిపోయినది ఈ రెండు సంవత్సరాల దగ్గరే.

మిత్రులవారు యుద్ధాన్ని అసహ్యించుకున్న మాట నిజం. 1794 నవంబరులో కానన్‌డేగ్వాలో అమెరికా ప్రభుత్వానికీ ఆరు జాతుల సమాఖ్యకూ సంధి జరిగినప్పుడు అక్కడికి వెళ్ళి శాంతి కోసం ప్రార్థన చేశారు. అయినా వారు శాంతిగా బతకడానికి దొరికిన చోటు ఒక యుద్ధం ఖాళీ చేసిన చోటే. దుర్మార్గులు మాత్రమే ఇతరుల నేల మీద స్థిరపడతారనుకుంటే చరిత్ర సులువైపోతుంది. ఇక్కడ వచ్చినవారు సజ్జనులు. అందుకనే ఈ కథ అంత సులువుగా ముగియదు.

ఆ సజ్జనులకూ నేల స్థిరంగా దక్కలేదు. గీత జరగడంతో పట్టాలు గందరగోళమయ్యాయి. డబ్బున్న అనుచరులకూ లేనివారికీ మధ్య తగవులు పుట్టాయి. 1794లో మిత్రులవారు పడమటగా, క్యూకా పాయల వైపు తరలి, జెరూసలేం అని పేరుపెట్టుకున్న చోట మళ్ళీ మొదలుపెట్టారు. దైవదూషణ నేరం మోపితే 1800లో న్యాయస్థానం అది నేరం కాదన్నది. 1819 జూలై 1న వారు కాలం చేశారు. తరువాత దావాలు దశాబ్దాల పాటు నడిచాయి. సమాజం క్షీణించింది. జెరూసలేం పేరు మాత్రం టౌన్‌షిప్‌కు నేటికీ నిలిచి ఉంది.

ఈలోగా పెన్సిల్వేనియా నుంచీ న్యూ ఇంగ్లండ్ నుంచీ మరికొన్ని వందల కుటుంబాలు వచ్చాయి. క్యూకా వాగు మొదట్లో వెలసిన ఊరికి ఎవరి పేరు పెట్టాలని ఇరువర్గాలూ పోట్లాడుకుని, పెన్సిల్వేనియాలో సగమూ యాంకీలో సగమూ కలిపి పెన్ యాన్ అని రాజీపడ్డారు. 1823లో ఆంటేరియో కౌంటీ నుంచి విడదీసి, అప్పటి గవర్నరు జోసెఫ్ యేట్స్ పేరుతో కౌంటీని ఏర్పరచినప్పుడు అదే ముఖ్యపట్టణమయింది. మొదట గోధుమ ఊపందుకుంది. 1833లో వాగు పొడవునా 27 లాకులతో కాలువ తవ్వి పడవలు నడిపారు. 1877లో దానిని విడిచిపెట్టారు. తరువాత ఆ గట్టు మీద రైలు వేశారు. 1972లో ఏగ్నెస్ తుపాను వరద దానినీ కొట్టుకుపోయింది. ఇప్పుడది చెట్ల నీడన నడకదారి. అడుగడుక్కీ శిథిలమైన మరల గోడలు కనిపిస్తాయి. ఆ దారి కొసన ఉన్న డ్రెస్డెన్ ఊళ్ళోనే 1833లో రాబర్ట్ ఇంగర్‌సాల్ పుట్టాడు. మన హేతువాదులకు ఆయన పేరు బాగా పరిచితం. దైవదూత వెలసిన వాగు గట్టునే దైవాన్ని ప్రశ్నించిన వక్త జన్మించాడు.

పశ్చిమాన విశాలమైన మైదానాలు సాగులోకి రాగా ఇక్కడి గోధుమ గిట్టుబాటు కాకుండా పోయింది. రైతులు ద్రాక్షకు మళ్ళారు. క్యూకా గట్టు వాలులు రాతి నేలలే అయినా తీగకు అనువైనవి. 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం ద్రాక్షసారా కంపెనీలను కుంగదీసింది. 1976లో రైతులు తమ తోటలోనే సారా తీసి నేరుగా అమ్ముకునే వీలు కల్పించే చట్టం వచ్చాక గట్ల పొడవునా చిన్న చిన్న సారా కేంద్రాలు పుట్టుకొచ్చాయి. పెన్ యాన్‌లో 1797 నాటి మర ఒకటి నేటికీ పనిచేస్తోంది. మన ఉత్తరాదివారు ఉపవాసాలనాడు తినే కుట్టు పిండి అక్కడ ప్రసిద్ధి. 1987లో ఆ పిండితో ప్రపంచంలోకెల్లా పెద్ద అట్టు పోశామని, దానికి వాడిన 28 అడుగుల పెనాన్ని మర గోడకు తగిలించుకున్నారు. అన్నిటికన్నా నాకు ముచ్చట కలిగించే 'మొదటి' అది.

20వ శతాబ్ది మూడవ పాదానికి వచ్చేసరికి పాడి గిట్టక చాలామంది రైతులు పొలాలు అమ్ముకుని వెళ్ళిపోయారు. అప్పుడు మరో వలస వచ్చింది. పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ కౌంటీలో భూముల ధరలు మిన్నంటగా, అక్కడి సనాతన మెనోనైట్ కుటుంబాలు 1970ల నుంచి ఇక్కడ పొలాలు కొనడం మొదలుపెట్టాయి. వారు కార్లు నడపరు. గుర్రబ్బళ్ళ మీదా సైకిళ్ళ మీదా తిరుగుతారు. పొలంలో ట్రాక్టరుంటుంది కాని చక్రాలు ఉక్కువి, రోడ్డు మీద విహారానికి పనికిరానివి. ఇంట్లో జర్మన్ మాండలికం మాట్లాడతారు. పిల్లలకు తలా ఒక పొలం సమకూర్చాలన్న తపనతో పాడుబడ్డ కొట్టాలను బాగుచేసి, పాడినీ కూరగాయల సాగునూ నిలబెట్టారు. లోకానికి దూరంగా నేలను నమ్ముకుని బతకాలన్న మిత్రులవారి కల, వారితో ఏ సంబంధమూ లేని మరో విశ్వాసం వారి చేతుల్లో, దాదాపు రెండు శతాబ్దాల తరువాత, అదే నేల మీద ఫలించింది. డ్రెస్డెన్ పక్కన సరస్సు గట్టున ఉన్న పాత విద్యుత్ కేంద్రమేమో 2020 నుంచి బిట్‌కాయిన్ల తయారీకి కరెంటు పుట్టిస్తోంది. 2022లో రాష్ట్రం దాని అనుమతిని నిరాకరించింది, తగవు కోర్టులకెక్కింది. కొత్తగా వచ్చిన ప్రతివారికీ ఆ నీరు కావాలి.

ఈ కథంతా నన్నింతగా పట్టుకోవడానికి కారణం నా ఇంట్లోనే ఉన్నది.

మా తాతయ్య 1957లో కృష్ణాజిల్లాలో ఉన్న ఎకరంన్నర అమ్మి, తుంగభద్ర ఎడమ కాలువ కింద సింధనూరు తాలూకాలో పదెకరాల నల్లరేగడి కొన్నారు. డ్యాము కట్టడం, కాలువలకు నీళ్ళు వదలడం అప్పటికి కొత్త. కృష్ణా గోదావరి జిల్లాల నుంచి అలా వెళ్ళిన కుటుంబాలు పొలాల మధ్య కట్టుకున్న ఊళ్ళను అక్కడ క్యాంపులంటారు. మా క్యాంపులో నేను విన్న కథలన్నీ 'మొదటి'వే. మొదటి వరి మడి, మొదటి రైసు మిల్లు, మొదటి రామాలయం. "అప్పట్లో ఇక్కడేముందిరా, అంతా తుమ్మ కంపే" అనేవారు తాతయ్య. వారు పడిన శ్రమ అబద్ధం కాదు. గుడారాల్లో కాపురముండి, పాములతో మలేరియాతో వేగి, ఎగుడుదిగుడు నేలను చదునుచేసి మడులు కట్టారు. మా నాయనమ్మ ఆ నేల మీద ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకుంది.

అయితే మా పొలం నడుమ వేపచెట్టు కింద ఒక రాతి దేవత ఉండేది. చుట్టూ కొన్ని గజాల మేర తాతయ్య ఎన్నడూ దున్నించలేదు. ఏటా పుష్య మాసానికి ముందు వచ్చే అమావాస్య నాడు, ఎళ్ళ అమావాస్య అంటారు అక్కడ, ఒక కన్నడ కుటుంబం పొద్దున్నే వచ్చేది. జొన్న రొట్టెలు, సజ్జ రొట్టెలు, కూరలు రాతి ముందు పెట్టి పూజించి, ఆ భోజనంలోంచి పిడికెడు తీసి నాలుగు దిక్కులా చల్లేవారు. ఆ పొలం అమ్మినవారు వారే. నీరు రాక ముందు, అప్పుల కోసమో భయం వల్లనో, జొన్న పండే మెట్ట నేల ధరకు అమ్ముకున్నారు. నీరు వచ్చాక దాని విలువ ఎన్ని రెట్లయిందో వారి కళ్ళ ముందే జరిగింది. వారు వచ్చినప్పుడు తాతయ్య గట్టు మీద దూరంగా, కండువా భుజం మీంచి తీసి చేత పట్టుకుని నిలబడేవారు. వారి పెద్దాయన పెట్టిన రొట్టెను రెండు చేతులా అందుకునేవారు. ఒక్కసారి కూడా ఆ రోజున "ఇక్కడేముందిరా" అన్న మాట ఆయన నోట రాలేదు.

రెండు కథలూ ఒకటేననడం నా ఉద్దేశం కాదు. మా కోసం ఎవరూ ఊళ్ళు తగలబెట్టలేదు, ధర చెల్లించే కొన్నాం. అయినా ధర చెల్లించామన్నది ఫెల్ప్స్ కూడా చెప్పిన మాటే కనుక దానితోనే సమాధానపడలేను. ఊరు కట్టినవారి శ్రమ నిజమైనంత మాత్రాన ఆ నేల అంతకుముందు ఖాళీ అయిపోదు. ఇది ఒప్పుకున్నంత మాత్రాన ఆ శ్రమ అబద్ధమూ కాదు. రెండిటినీ ఒకే వాక్యంలో చెప్పగల భాష మనకు కావాలి.

ఆ భాష మన దగ్గర కొంత ఉండేది. యేట్స్ కౌంటీలో ఈ ఊళ్ళు వెలుస్తున్న రోజుల్లోనే, భూగోళానికి ఇటువైపు, కల్నల్ మెకంజీ కోసం కావలి సోదరులూ వారి సహచరులూ మన పల్లెపల్లెకూ తిరిగి కైఫీయత్తులు సేకరిస్తున్నారు. ఆ గ్రామ చరిత్రల్లో ఊరు ఒక్కసారి పుట్టి ఊరుకోదు. ఫలానా రాజు నాడు అడవి కొట్టించి కట్టించారంటారు, తరువాత పాడుపడిందంటారు, మళ్ళీ ఫలానావారు వచ్చి నిలిపారంటారు. పొరల మీద పొరలుగా, పాముల కథలూ పన్నుల లెక్కలూ పక్కపక్కనే ఉంటాయి. వాటికీ లోపాలున్నాయి. చెప్పినవారు ఎక్కువగా కరణాలు. అడవి నిజంగా కొట్టిన కూలివాడి పేరు అందులో దొరకదు. అయినా మనకు ముందు ఇక్కడ ఎవరో ఉన్నారన్న స్పృహ ఆ రాతల్లో ఉంది.

అమెరికాలో కూడా ఆ స్పృహ పూర్తిగా లేకపోలేదు. సలివాన్ దండయాత్రకు 150 ఏళ్ళు నిండినప్పుడు, 1929లో, న్యూయార్క్ రాష్ట్రం ఆ దారి పొడవునా విజయసూచకంగా శిలాఫలకాలు నాటింది. అవి నేటికీ ఉన్నాయి. కానీ 1794 నాటి కానన్‌డేగ్వా సంధి కూడా నేటికీ ఉంది. దాని ప్రకారం అమెరికా ప్రభుత్వం ఆరు జాతులవారికి ఏటా వస్తురూపంగా కొంత చెల్లించాలి. ఆ పద్దు కింద ఇప్పటికీ గుడ్డ పంపుతూనే ఉన్నారు. ధరలు పెరిగి, మనిషికి వచ్చే గుడ్డ గజాల నుంచి చిన్న ముక్కకు దిగజారినా, దానికి బదులుగా నగదు పుచ్చుకోవడానికి వారు అంగీకరించరు. గుడ్డ వస్తున్నంత కాలం సంధి సజీవంగా ఉన్నట్టు లెక్క. ప్రతి నవంబరు 11న కానన్‌డేగ్వాలో ఇరుపక్షాలవారూ కలిసి ఆ సంధిని స్మరించుకుంటారు. కౌంటీకి ఉత్తరంగా, విక్టర్ దగ్గర, గనోండగన్ అనే పాత సెనెకా ఊరి స్థలంలో వారి తెల్ల మొక్కజొన్నను మళ్ళీ ప్రచారంలోకి తెచ్చి, పిండిగా అమ్ముతున్నారు. 1779లో తగలబెట్టిన పంట జాతి అది. విత్తనం ఎవరో ఒకరి మూటలో దాగి బతికింది.

క్యూకా వాగు గట్టున నిలబెట్టే పలక నన్ను రాయమంటే నేను గోధుమనూ మరనూ తీసివెయ్యను. మిత్రులవారి అనుచరులు పాతికమంది ఆ చలిలో పడిన పాట్లకు ఆ గౌరవం దక్కవలసిందే. కాకపోతే 'మొదటి' అన్న మాట తీసి దాని స్థానంలో 'తరువాతి' అని రాస్తాను. చదివినవారికి వెంటనే సందేహం రావాలి, దేని తరువాత అని. మా క్యాంపు చరిత్ర ఎవరైనా రాస్తే అందులోనూ ఆ మాటే ఉండాలని కోరుకుంటాను. వేపచెట్టు కింద ఆ కొన్ని గజాలు ఇప్పటికీ దున్నలేదని మొన్న మా చిన్నాన్న ఫోనులో చెప్పారు.